స్టాక్‌హోమ్ నాలుగు రోజులు, అమ్మానాన్నలతో: జూన్ 18-21 ప్లాన్ చూసి తప్పులు పట్టండి

బందరు_బాబు
18 గురువారం మధ్యాహ్నం ఆర్లాండాలో దిగుతాం. 21 ఆదివారం సాయంత్రం ఓడెక్కి హెల్సింకీ, అక్కడ మూడు రోజులు, అక్కణ్ణుంచే తిరుగు విమానం. నలుగురు పెద్దలం, ఆరేళ్ల పాప. నాన్నకి 68, మోకాళ్లు అంతంతమాత్రం. అమ్మకి 63. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు.

18 సాయంత్రం పాత ఊరు గమ్లా స్టాన్. 19 శుక్రవారం షాపింగ్, సిటీ హాల్, దాని టవరు. 20 శనివారం వాసా మ్యూజియం (మునిగాక పైకి తీసిన పాత ఓడ), స్కాన్సెన్. 21 పొద్దున మెట్రో స్టేషన్లలో బొమ్మలు, 12:15కి రాజభవనం దగ్గర గార్డుల మార్పిడి, తర్వాత ఓడ.

అడిగిన ప్రతివాడూ "అమ్మో ఖరీదు" అంటున్నాడే గానీ డబ్బు ఎక్కడ పోతుందో చెప్పడం లేదు. టూరిస్ట్ పాస్ కొనాలా? ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఎలా రావాలి?

కిస్తావాసి
డబ్బు సంగతి తర్వాత, ముందు తేదీలు చూసుకోండి. జూన్ 19 శుక్రవారం మిడ్‌సమ్మర్ ఈవ్. ఏటా జూన్ 19-25 మధ్య వచ్చే శుక్రవారం అది, ఈసారి సరిగ్గా మీ రెండో రోజున పడింది. స్వీడన్‌లో క్రిస్మస్ తర్వాత అంత పెద్ద పండగ. జనం ఊరు ఖాళీ చేసి పల్లెల్లో, దీవుల్లో ఉన్న తమ ఇళ్లకి పోతారు. దుకాణాలు కొన్ని అసలు తెరవరు, సూపర్‌మార్కెట్లు మధ్యాహ్నానికే కట్టేస్తారు. శనివారం కూడా సెలవే. శుక్రవారం షాపింగ్ అని రాసుకున్నారు, మూసిన షట్టర్లు చూసి రావాలి.

పెసరట్టు_65
సంక్రాంతి రోజు హైదరాబాద్‌లో టిఫిన్ సెంటర్ వెతుక్కున్నట్టు అన్నమాట.

బందరు_బాబు
టికెట్లు కొనేశాను. తేదీలు మార్చడం కుదరదు.

ట్రామ్_నంబర్_7
మార్చక్కర్లేదు. కిస్తావాసి గారు భయపెట్టినంత ఏమీ లేదు, రోజులు అటూ ఇటూ చేస్తే చాలు. మిడ్‌సమ్మర్ నాడు ఊళ్లో ఉండిపోయినవాళ్లకి స్కాన్సెన్‌కి మించిన చోటు లేదు. 1891లో మొదలైన ఆరుబయలు మ్యూజియం అది, దేశం నలుమూలల నుంచి పాత ఇళ్లు విప్పి తెచ్చి అక్కడ మళ్లీ కట్టారు. పండగనాడు ఆకులు, పూలు చుట్టిన స్తంభం నిలబెట్టి, జానపద దుస్తులేసుకుని చుట్టూ ఆడతారు. పాపకి అంతకన్నా ఏం కావాలి? శనివారంది శుక్రవారానికి జరపండి.

అయితే తొందరగా బయల్దేరాలి. వేసవిలో వాసా 8:30కే తెరుస్తారు. ముందు వాసా, 11 లోపు స్కాన్సెన్. మధ్యాహ్నం పూట అవి ఉన్న యూర్‌గోర్డెన్ దీవికి పోయే 7వ నంబరు ట్రాము, ఫెర్రీ రెండూ కిక్కిరిసి ఉంటాయి.

కిస్తావాసి
నేను భయపెట్టలేదండీ, కూరగాయలు గురువారమే కొనుక్కోమన్నాను.

ట్రామ్_నంబర్_7
ఎక్కడన్నారు? 😄 సరే, ఇప్పుడన్నారుగా, అది నిజమే. గురువారం సాయంత్రమే రెండు రోజులకి సరిపడా పాలు, పెరుగు, రొట్టె, పండ్లు తెచ్చుకోవాలి. వైన్ గట్రా కావాలన్నా ఆ రోజే. 3.5 శాతం దాటిన మద్యం సిస్టెమ్‌బొలాగెట్ అనే సర్కారు దుకాణంలోనే అమ్ముతారు. మామూలు వారాల్లోనే అది శనివారం 3కి మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు. పండగ మూడు రోజులూ తాళమే.

లెక్కల_మాస్టారు
ఎయిర్‌పోర్టు లెక్క. ఆర్లాండా ఊరికి 40 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. దారులు నాలుగు.

ఆర్లాండా ఎక్స్‌ప్రెస్ రైలు: 18 నిమిషాలు, మనిషికి 300 క్రోనార్ల పైమాటే. పెద్దవాళ్లతో వచ్చే పిల్లలకి టికెట్ లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకుంటే తగ్గింపు ఉంటుంది.

ఫ్లీగ్‌బుసార్నా కోచ్: 45 నిమిషాల దాకా. సెంట్రల్ స్టేషన్ పక్కనే సిటీటెర్మినాలెన్‌లో దింపుతుంది. ఆన్‌లైన్‌లో ముందే కొంటే చవక.

లోకల్ రైలు, పెండెల్‌టోగ్: 40 నిమిషాల లోపు. మామూలు ఎస్‌ఎల్ (ఊళ్లో బస్సులు, మెట్రో నడిపే సంస్థ) టికెట్ సరిపోతుందని అందరూ ఎక్కేస్తారు, ఆర్లాండా స్టేషన్ గేటు దగ్గర ఇంకో 150 క్రోనార్ల ప్రాంతం స్టేషన్ రుసుము పడుతుంది. ఆ స్టేషన్ ప్రైవేటు చేతిలో ఉండటం వల్ల వచ్చిన తంటా అది.

583 బస్సు: టెర్మినల్ నుంచి మార్‌స్టా స్టేషన్‌కి, అక్కడ అదే పెండెల్‌టోగ్. స్టేషన్ రుసుము లేదు. 75 నిమిషాల సింగిల్ టికెట్, 43 క్రోనార్ల ప్రాంతంలో మొత్తం ప్రయాణం అయిపోతుంది. క్రోనా పది రూపాయలనుకుంటే లెక్క తేలిక.

నలుగురు పెద్దలకి ఎక్స్‌ప్రెస్‌కీ 583కీ తేడా వెయ్యి క్రోనార్ల దాకా ఉంటుంది.

సోదర్_సీతక్క
మాస్టారు లెక్క సరే గానీ మోకాళ్లు బాగాలేని 68 ఏళ్ల మనిషిని, పెద్ద పెట్టెలతో, గల్ఫ్ మీదుగా రాత్రంతా కూర్చుని వచ్చాక, మార్‌స్టాలో బస్సు దింపి రైలెక్కిస్తారా? కోచ్ ఎక్కండి. పెట్టెలు కింద డిక్కీలో పెడతారు, మధ్యలో మారేది లేదు. 583 ఒంటరి కుర్రాళ్లకి.

టాక్సీ అయితే ఎక్కేముందే ఫిక్స్‌డ్ రేటు అడగాలి. స్వీడన్‌లో టాక్సీ రేట్ల మీద గవర్నమెంటు పరిమితి లేదు, ఎవడి రేటు వాడిది. వెనక కిటికీ అద్దం మీద పసుపు స్టిక్కర్‌పై 10 కిలోమీటర్లు, 15 నిమిషాల ప్రయాణానికి ఎంతవుతుందో రాసుంటుంది. పక్క కారు మీదదానితో పోల్చి చూసుకోవాలి. క్యూలో మొదటి కారే ఎక్కాలన్న రూలేం లేదు.

గోల్కొండ_గడుగ్గాయి
సీతక్క చెప్పిందే కరెక్ట్. పాస్ ముచ్చట నేను జెప్త. గా టూరిస్ట్ పాస్ కొనకుండ్రి, దండగ. బస్సులు, మెట్రో అందుల ఉండయ్. పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలకు వాసాల ఎట్లైన ఫ్రీ. మీరు పైసలు కట్టి లోపలికి పొయ్యేది వాసా, స్కాన్సెన్, సిటీ హాల్. మూడిటికి ఎందుకు పాస్? రోజుకు నాలుగైదు జాగలు ఉరికెటోళ్లకు గిట్టుబాటయితది, ముసలోళ్లు పిల్లలతోని పొయ్యెటోళ్లకు కాదు.

చలిచీమ
మిడ్‌సమ్మర్ కాబట్టి నార్తర్న్ లైట్స్ బాగా కనిపిస్తాయా?

కిస్తావాసి
జూన్‌లో చీకటే పడదు, లైట్లెక్కడివి? సూర్యుడు రాత్రి 10 దాటాక దిగి 3:30కల్లా పైకొచ్చేస్తాడు. మధ్యలో కూడా ఆకాశం నీలంగానే ఉంటుంది. అర్ధరాత్రి సూర్యుడు కావాలన్నా స్టాక్‌హోమ్‌లో కుదరదు, ఆర్కిటిక్ వృత్తం దాటి కిరునా, అబిస్కో వైపు పోవాలి. బాబు గారు, కళ్లకి కట్టుకునే పట్టీలు తెచ్చుకోండి. హోటల్ పరదాల సందుల్లోంచి తెల్లారుజామున 4కే ఎండ పడి పాప లేచి కూర్చుంటుంది.

బందరు_బాబు
ఊళ్లో తిరగడానికి 72 గంటల టికెట్టా, సింగిల్సా? కార్డు గీకితే చాలన్నారు, నిజమేనా?

లెక్కల_మాస్టారు
72 గంటలది దాదాపు ఎనిమిది సింగిళ్ల ఖరీదు, 24 గంటలది నాలుగింటికి కాస్త పైన. మీ ప్లాన్‌లో రోజుకి మూడు నాలుగు ఎక్కడం దిగడం ఉంది కాబట్టి 72 గంటలది మేలు. పొద్దున హోటల్లో బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే రకమైతే రోజుకి రెండు సింగిల్స్ చాలు, అప్పుడు కార్డు గీకడమే చవక. ఏడేళ్ల లోపు పిల్లలకి పెద్దలతో వస్తే టికెట్ లేదు, పాప గురించి ఆలోచించకండి.

నాన్నగారికి 65 దాటింది, తగ్గింపు టికెట్ ఉంది. అమ్మగారికి లేదు. బ్యాంకు కార్డు గేటు దగ్గర తాకిస్తే మాత్రం పూర్తి రేటే పడుతుంది. తగ్గింపు కావాలంటే ఎస్‌ఎల్ యాప్‌లో గానీ ప్రెస్‌బీరాన్ దుకాణంలో గానీ కొనాలి.

కార్డు గీకేవాళ్లకి తెలియాల్సినవి: ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి, ఒకే కార్డు నలుగురికి నాలుగుసార్లు తాకిస్తే పనిచేయదు. కార్డూ, అదే కార్డు ఎక్కించిన ఫోనూ సిస్టమ్‌కి రెండు వేర్వేరు. పొద్దున ఫోన్ తాకించి, బస్సు మారేటప్పుడు కార్డు తాకిస్తే మళ్లీ డబ్బు పోతుంది. చెకింగ్ వాళ్లు వచ్చినా మొదట తాకించినదే చూపాలి. టికెట్ లేకపోతే 1500 క్రోనార్లు వదులుతుంది.

బెజవాడ_బ్యాగు
యాప్‌లో మన కార్డుతో కొనేటప్పుడు ఓటీపీ మన ఇండియా నంబర్‌కే వస్తుంది. రోమింగ్ లేకుండా సిమ్ తీసి జేబులో పెట్టుకుంటే ఆర్లాండాలో నిలబడి చూస్తుండాల్సిందే. ఎస్సెమ్మెస్ వచ్చేలా కనీస రోమింగ్ ఆన్ చేసుకుని రండి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ విడివిడిగా ఆన్ చేయాలి, పరిమితి కూడా పెంచాలి.

మెషీన్ "రూపాయల్లో కడతారా, క్రోనార్లలోనా" అని అడిగితే క్రోనార్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాడి మారకం రేటు పడుతుంది, అది ఎప్పుడూ మనకి నష్టమే. నగదు మాత్రం తేకండి. బస్సులో తీసుకోరు, చాలా దుకాణాల్లో, కాఫీ హోటళ్లలో తీసుకోరు. అక్కడివాళ్లు ఫోన్‌లో డబ్బు కట్టడానికి వాడే స్విష్ యాప్‌కి స్వీడిష్ బ్యాంకు ఖాతా ఉండాలి, మనకి పనికిరాదు.

పెసరట్టు_65
నగదు తేవద్దంటే సరే, ఆవకాయ తేవచ్చా? అసలు ప్రశ్న అది.

బెజవాడ_బ్యాగు
మామిడికాయ ఆవకాయ తేవచ్చు, డబ్బా మూతకి టేపు, పైన రెండు కవర్లు, చెక్-ఇన్ పెట్టెలో. పొడులు, అటుకులు, పులిహోర గుజ్జు, ఎండు వడియాలు ఇబ్బంది లేదు. కుదరనివి: బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం ఈయూలోకి రానివ్వరు. అంటే నెయ్యి, పాలకోవా, పెరుగు మిరపకాయలు, కోడి పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, అది మన దగ్గర ఉండదు. అరటిపండు, కొబ్బరికాయ, అనాస, ఖర్జూరాలకి మాత్రం ఆ పత్రం అక్కర్లేదు.

పెసరట్టు_65
కొబ్బరికాయకి అనుమతి ఉండి కరివేపాకుకి లేకపోతే చట్నీ ఎలాగండీ.

సోదర్_సీతక్క
శాకాహారం సంగతి. రాత్రి భోజనం ఖరీదు, మధ్యాహ్నం కాదు. మామూలు పనిరోజుల్లో 11 నుంచి 2 లోపు "డాగెన్స్ లంచ్" అని పెడతారు. ఒకే ధరలో ఒక వంటకం, సలాడ్, రొట్టె, నీళ్లు, కాఫీ. అదే వంటకం రాత్రి రెట్టింపు పలుకుతుంది. మీకు గురువారం ఒక్కటే అలాంటి రోజు, మీరు దిగే వేళకి అది అయిపోతుంది. కాబట్టి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్ తీసుకోండి. మామూలు హోటల్ గదుల్లో చాలాచోట్ల కెటిల్ కూడా ఉండదు. ఇండక్షన్ స్టవ్ దాచి తెచ్చి గదిలో పోపు పెట్టకండి. పొగ అలారం మోగితే హోటలంతా రోడ్డు మీద నిలబడుతుంది, ఫైరింజన్ బిల్లు మీకే.

బయట తినాలంటే సోదర్‌మాల్మ్‌లో ఫ్యెల్‌గాటన్ మీద హెర్మన్స్, పూర్తి శాకాహార బఫే. తోటలో కూర్చుంటే ఊరంతా, ఓడరేవంతా కిందే కనిపిస్తుంది. పండగ రోజుల వేళలు మాత్రం ముందే చూసుకోండి. ఫలాఫెల్ బళ్లు అన్నిచోట్లా ఉంటాయి, చవక, గుడ్డు ఉండదు. కేకులు, పేస్ట్రీల్లో గుడ్డు మామూలే, దాల్చినచెక్క బన్నుల మీద కూడా మెరుపు కోసం గుడ్డు పూస్తారు. జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది, పాపకి కొనేముందు చూడండి. గురువారాల్లో చాలా హోటళ్లు బఠాణీ సూప్ పెడతాయి. పేరు విని పప్పే కదా అనుకోవద్దు, అందులో పంది మాంసం ఉంటుంది.

నీళ్ల సీసాలు కొనకండి. కుళాయి నీళ్లే తాగుతారు, చల్లగా, రుచిగా ఉంటాయి.

గోల్కొండ_గడుగ్గాయి
నీళ్లంటే యాదికొచ్చింది, బాత్‌రూంలల్ల నీళ్ల పైపు ఉండది. ఖాళీ సీసా ఒకటి సంచిల పెట్టుకోండ్రి. సెంట్రల్ స్టేషన్ల టాయిలెట్‌కు పైసలు, గది గూడ కార్డుతోనే. మ్యూజియంలకు పోయినప్పుడు పని కానియ్యాలె.

బందరు_బాబు
సిటీ హాల్ టవర్ నాన్న ఎక్కగలరా? లిఫ్ట్ ఉందని చదివాను.

ట్రామ్_నంబర్_7
లిఫ్ట్ సగం దాకే. టవరు ఎత్తు 106 మీటర్లు, మెట్లు 365. లిఫ్ట్ దిగాక సన్నటి దారిలో వాలు, మెట్లు ఎక్కాలి. వదిలేయండి. లోపల గైడు చూపించే టూరు మాత్రం తప్పకుండా చేయండి, ముప్పావు గంట. గైడు లేకుండా హాళ్లలోకి పంపరు. నోబెల్ విందు జరిగే బ్లూ హాల్ అదే. పేరు బ్లూ, గోడలు ఎర్ర ఇటుక. నీలం వేయాలనే అనుకున్నారట, ఇటుక అందం చూసి వాస్తుశిల్పి మనసు మార్చుకున్నాడు. పైన గోల్డెన్ హాల్ గోడలకి 1.8 కోట్ల పైచిలుకు మొజాయిక్ ముక్కలు. పండగకి టూర్లు తగ్గుతాయి, స్లాట్ ఆన్‌లైన్‌లో చూసి శనివారానికో ఆదివారానికో తీసుకోండి.

పైనుంచి ఊరు చూడాలంటే మోంటేలియస్‌వేగెన్. స్లూసెన్ నుంచి నడిస్తే నిలువు ఎక్కుడు. అదే మరియాటోర్యెట్ మెట్రోలో దిగితే వాలు తక్కువ. అరకిలోమీటరు నడక దారి, బెంచీలున్నాయి, ఎదురుగా నీళ్లకి అవతల సిటీ హాలే కనిపిస్తుంది. టికెట్ లేదు.

సోదర్_సీతక్క
టవర్ వద్దన్నది మంచి మాట. గమ్లా స్టాన్‌లో కూడా జాగ్రత్త, గుండ్రాళ్లు పరిచిన వీధులు, మోకాళ్లకి హింస. వెడల్పు 90 సెంటీమీటర్లున్న మోర్టెన్ ట్రోట్సిగ్ సందు పైనుంచి కిందికి దిగేలా చూసుకోండి, కింద నుంచి ఎక్కకండి, మెట్లే. స్టోర్‌టోర్యెట్ చౌకులో బెంచీ మీద పెద్దవాళ్లని కూర్చోబెట్టండి, 1520లో డెన్మార్క్ రాజు పదుల మందిని నరికించిన చోటది. నోబెల్ మ్యూజియం కూడా అక్కడే.

లెక్కల_మాస్టారు
గమ్లా స్టాన్ నుంచి యూర్‌గోర్డెన్‌కి మెట్రో, ట్రాము వద్దు. స్లూసెన్ రేవు నుంచి 82వ నంబరు ఫెర్రీ ఎక్కండి. ఎస్‌ఎల్ టికెట్ చెల్లుతుంది, విడిగా డబ్బు లేదు. పది నిమిషాల్లో గ్రోనా లుండ్ పార్కు పక్కన దింపుతుంది, అక్కణ్ణుంచి వాసా కొద్ది నడక. వందల క్రోనార్లు పెట్టి పడవ షికారు కొనేవాళ్లు చూసే నీళ్లలో సగం ఈ టికెట్‌లోనే చూడొచ్చు. స్లూసెన్ పునర్నిర్మాణం ఏళ్ల తరబడి సాగుతోంది, రేవుకి దారి మారుతుంటుంది, పాత మ్యాపు నమ్మకండి.

వాసాలో లోపల 18-20 డిగ్రీలు, వెలుతురు తక్కువ, కొయ్య పాడవకుండా. పాపకి స్వెటర్ ఉండాలి. వాసా ఓడ 1628లో మొదటి ప్రయాణంలోనే, 1300 మీటర్లు పోయి ఒరిగి మునిగింది. రెండు వరసల ఫిరంగులు పైన, అడుగున బరువు చాలక. 1961లో తీశారు. ముందు లోపల వేసే సినిమా చూసి తర్వాత ఓడ చుట్టూ తిరిగితే అర్థమవుతుంది. ఒక్కో అంతస్తుకి లిఫ్ట్ ఉంది.

చలిచీమ
మెట్రో బొమ్మలకి గైడెడ్ టూర్ బుక్ చేయాలా?

ట్రామ్_నంబర్_7
ఎందుకూ? బ్లూ లైన్ ఎక్కడమే. టీ-సెంట్రాలెన్‌లో నీలి తీగల గుహ, ఒక స్టేషన్ అవతల కుంగ్స్‌ట్రేడ్‌గోర్డెన్, ఇటు వైపు రోడ్‌హుసెట్, సోల్నా సెంట్రుమ్‌లో ఎర్ర ఆకాశం. రెడ్ లైన్ మీద స్టాడియాన్‌లో ఇంద్రధనుస్సు. గేటు దాటి బయటికి రాకపోతే సింగిల్ టికెట్ 75 నిమిషాల్లోనే ఇవన్నీ చూడటం అయిపోతుంది. బ్లూ లైన్ బాగా లోతు, ఎస్కలేటర్లు చాలా పొడవు, నాన్నగారిని లిఫ్టులో దించండి. ఎస్కలేటర్ మీద కుడి పక్క నిలబడాలి, ఎడమ పక్క నడిచేవాళ్లది.

కిస్తావాసి
వీసా ఎవరూ అనలేదు. నాలుగు రోజులు స్వీడన్, మూడు రోజులు ఫిన్‌లాండ్ కాబట్టి స్వీడన్‌కే అప్లై చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పెద్దలకి 90 యూరోలు, ఆరేళ్లు నిండిన పాపకి 45, దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రం చార్జీ వేరు. ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, 15 రోజుల ముందుతో ఆఖరు, కానీ వేసవిలో అపాయింట్‌మెంట్లే దొరకవు, అంతదాకా ఆగొద్దు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి, తేదీలు ఓడ రోజుతో సహా మొత్తం కలవాలి. చాలామంది ఓడలో గడిపే రాత్రికి హోటల్ బుకింగ్ లేదని కంగారు పడతారు, క్యాబిన్ టికెట్టే ఆ రాత్రికి రుజువు.

బందరు_బాబు
సరే, మార్చిన ప్లాన్. 18: కోచ్‌లో ఊళ్లోకి, సూపర్‌మార్కెట్, ఓపికుంటే మోంటేలియస్‌వేగెన్. 19: 82 ఫెర్రీ, 8:30కి వాసా, స్కాన్సెన్. 20: సిటీ హాల్ టూర్, మధ్యాహ్నం గమ్లా స్టాన్. 21: మెట్రో, 12:15కి గార్డులు, ఓడ. పాస్ లేదు, టవర్ లేదు, నెయ్యి లేదు.

ట్రామ్_నంబర్_7
21 ఆదివారం కదా. 12:15 మామూలు రోజులకి. ఆదివారం 1:15కి. ముప్పావు గంట నిలబడే ఉండాలి, కుర్చీలు లేవు.

లెక్కల_మాస్టారు
అప్పుడు రెండైపోతుంది. హెల్సింకీ ఓడలు సాయంత్రం నాలుగైదు గంటల మధ్య కదులుతాయి, గేటు ముందే మూసేస్తారు, గంట ముందు అక్కడుండాలి. వైకింగ్ కంపెనీ ఓడ అయితే స్లూసెన్ పక్కన స్టాడ్స్‌గోర్డెన్ రేవు, గమ్లా స్టాన్ నుంచి దగ్గరే. సిల్యా కంపెనీది అయితే వేర్తాహామ్నెన్, ఊరి రెండో కొస. టికెట్ మీద ఏ రేవో చూసుకోండి. పెట్టెలు హోటల్లో వదిలేస్తే వెనక్కి పోయి తెచ్చుకునే టైమ్ కూడా కలపాలి.

సోదర్_సీతక్క
సిల్యా అయితే గార్డులు శనివారమే చూసేయండి, ఆ రోజూ సెలవే కాబట్టి వేళ ముందే చూసుకోండి, గమ్లా స్టాన్ ఎలాగూ అప్పుడే. సిటీ హాల్ ఆదివారం పొద్దున్నకి మార్చండి. క్యాబిన్ విషయంలో కిటికీకి డబ్బు పెట్టక్కర్లేదు, బయల్దేరిన మొదటి మూడు నాలుగు గంటలు దీవుల మధ్యలోంచే పోతుంది, అందరూ డెక్ మీదే ఉంటారు. గాలి విపరీతం, జాకెట్లు పెట్టెలో సర్దేయకుండా చేతిలో ఉంచుకోండి.

పెసరట్టు_65
ఆ ఓడలు అర్ధరాత్రి వేళ ఓలాండ్ దీవుల్లో ఎందుకాగుతాయి? ఎవరూ దిగినట్టు వినలేదు.

లెక్కల_మాస్టారు
పన్ను కోసం. ఓలాండ్ ఫిన్‌లాండ్‌దే గానీ ఈయూ వ్యాట్ పరిధిలో లేదు. అక్కడ ఒక్కసారి తాకితే ఓడలో దుకాణం సరుకు పన్ను లేకుండా అమ్ముకోవచ్చు. బాబు గారు, గడియారం ఆ రాత్రే గంట ముందుకి తిప్పుకోండి, ఫిన్‌లాండ్ గంట ముందుంటుంది. లేకపోతే పొద్దున టిఫిన్ పోతుంది.

బందరు_బాబు
టికెట్ మీద వేర్తాహామ్నెన్ అనే ఉంది. గార్డులు శనివారానికి మార్చేశాను.